మొండోడి జూలు

అమ్మలూ,

గుర్రాల సంగతి మొదలుపెట్టి మనుషుల సంగతిలోకి జారిపోతానని మీ అమ్మ దెప్పేది. ఈసారి రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. మధ్యలో చింపకుండా చివరిదాకా చదువు.

మొండోడి పరుగు నీకు తెలుసు. పద్నాలుగు రేసుల్లో పదకొండు గెలిచాడు. ఆఖరి పెద్ద రేసులో సగం దూరం దాకా అందరికంటే వెనకే ఉన్నాడు. ఇక లాభం లేదని జనం కుర్చీల్లోంచి లేచాక కదిలాడు. జాకీ చేతిలో కొరడా అప్పటికే జారిపోయింది. దిగాక నా చెవిలో, "నేనేం చెయ్యలేదు మావా, కిందపడకుండా పట్టుకున్నానంతే" అన్నాడు. ఫొటోలో మాత్రం గుర్రాన్ని వాడే మోసుకొచ్చినట్టు ఛాతీ విరిచాడు. సరే, జాకీల ఛాతీల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

తర్వాత తొమ్మిదేళ్ళుగా మొండోడు మా లాయంలో విత్తనపు గుర్రం. రెండు వందల పైచిలుకు పిల్లలు. నీ మూడు ఆడగుర్రాల కడుపుల్లో ఉన్నవీ వాడి పిల్లలే. నువ్వూ అల్లుడూ ఉన్నదంతా ఊడ్చి ఆ మూడింటి మీద పెట్టారు. వాడి పుట్టుక పత్రంలో తల్లి పట్టపురాణి అని ఉంది గనకే పెట్టారు.

పట్టపురాణి వాడి తల్లి కాదమ్మా.

గుర్రాలు మామూలుగా రాత్రిపూట ఈనుతాయి. పట్టపురాణి కోసం వారం రోజులు రాత్రిళ్ళు కాపలా కాశాను. ఎనిమిదోరోజు అది పట్టపగలు ఈనింది. ఆ సమయానికి నేను లాడాలు కొట్టేవాడి దగ్గర కూర్చుని, ఎప్పుడో చదివిన ఒక రాజుగారి గుర్రం కథ చెబుతున్నాను. వాడు నవ్వాడు. నేను ఇంకాస్త పొడిగించాను. తిరిగొచ్చేసరికి పిల్ల నేల మీద పడి ఉంది, ముక్కు మీద పొర అలాగే ఉంది. వేలితో తీసేస్తే పోయేది. ఒక్క వేలి పని. ఊపిరాడక పోయింది.

అదే పొద్దున గడ్డిబండి లాగే ముసలి గుర్రం ఒక మగపిల్లను కని కన్నుమూసింది. కంచె విరగ్గొట్టుకెళ్ళిన మా పాత మగగుర్రం చేసిన నిర్వాకం అది. ఆ పిల్ల పాల కోసం గోడను నాకుతోంది. మా పనిలో దీనికొక పద్ధతి ఉంది. చచ్చిన పిల్ల చర్మం ఒలిచి తల్లిలేని పిల్లకు చొక్కాలా తొడిగి పురికొసతో కడతాం. వాసన చూసి తల్లి తన పిల్లే అనుకుని పాలిస్తుంది. మూడు రోజులకు చర్మం తీసేసినా ఇక వదలదు. అందులో మోసమేమీ లేదు. మోసం, ఆ తర్వాత నేను పుట్టుకల పుస్తకంలో తల్లి పట్టపురాణి అని రాసిన ముక్కలో ఉంది. ఊరెళ్ళిన మా లాయం యజమాని పెద్దమ్మగారు తిరిగొచ్చి, "మగపిల్లేనా? నుదుట చుక్కుందా?" అని చిన్నపిల్లలా అడిగారు. నా కథ వల్ల మీ పిల్ల పోయిందని చెప్పలేక, "ఉందమ్మా" అన్నాను.

పట్టపురాణి వాడిని నాకింది. ఆ వాసన నమ్మి అది మోసపోయింది, నా మాట నమ్మి పెద్దమ్మగారు మోసపోయారు. నేనొక్కణ్ణే తెలిసి బతికాను. పద్నాలుగేళ్ళు.

ఇప్పుడు కొత్త నియమం వచ్చింది. తల్లిదండ్రులెవరో తేల్చడానికి విత్తనపు గుర్రాలన్నిటి జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా ల్యాబుకు వెళ్ళాలి. పట్టపురాణివి అది బతికుండగానే వెళ్ళాయి. శుక్రవారం ఒక ఆఫీసరు వస్తాడు. మొండోడు పరాయి చేతిని కరుస్తాడు కనుక వెంట్రుకలు పీకి కవర్లో పెట్టేది నేనే. నా చొక్కా జేబులో ఇంకో పొట్లం కూడా ఉంది. పట్టపురాణి తర్వాతి ఈతలో అదే పాత మగగుర్రానికి కన్న కొడుకు, పిల్లలకు స్వారీ నేర్పే ఆ సాధుగుర్రానివి. అవి పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. పెట్టనా? నువ్వు పెట్టమంటే పెడతాను.

నీ నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం నిలబడి ఒకసారి, గడ్డిమోపు మీద కూలబడి ఒకసారి చదివాను. మీ అల్లుడికి చెప్పలేదు. పక్కగదిలో కూర్చుని పుట్టబోయే మూడింటికీ పేర్లు రాస్తున్నారు. నచ్చక కొట్టేసి మళ్ళీ రాస్తున్నారు. ఆ మనిషికి ఏ మొహంతో చెప్పను?

పద్నాలుగేళ్ళు నోరు కట్టుకున్నవాడివి, ఇప్పుడే తెరవాలా? ఊళ్ళో అందరికీ అన్ని కథలూ చెబుతావు. ఈ ఒక్కటి మింగెయ్. ఆ పొట్లమే పెట్టు. కాళ్ళు పట్టుకుంటాను నాన్నా, అదే పెట్టు.

నీ కూతురు

*

అమ్మలూ,

పొట్లం విప్పి కవర్లో పెట్టాను. అంటించడానికి నాలుక చాపాను కూడా. అప్పుడు కనిపించింది, ఇన్ని రోజులూ కనిపించనిది. తల్లి గురించే ఆలోచించాను గానీ పిల్లల గురించి ఆలోచించలేదు. ఈ ఏడాది పుట్టే ప్రతి పిల్ల వెంట్రుకలూ ల్యాబుకు వెళతాయి. నీ మూడు పిల్లలవీ వెళతాయి. మొండోడి పేరుతో అక్కడ ఉండేది సాధుగుర్రం వెంట్రుక. నీ పిల్లలు దానికి కలవవు. అప్పుడు నిన్నే అడుగుతారు, "ఏ గుర్రంతో చూలు కట్టించి మొండోడి పేరు పెట్టావమ్మా?" అని. నువ్వేం చెబుతావు?

ఎలాగూ మునుగుతాం. నిజం చెబితే దొంగను నేను. ఆ పొట్లం పెడితే దొంగవు నువ్వు. అంతే తేడా. నాకు అది చాలింది.

మొండోడి వెంట్రుకలే పెట్టి, కవరు ఆఫీసరుకిచ్చి, పెద్దమ్మగారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఆ పిల్ల ఎంతసేపు కొట్టుకుంది?" అన్నారు. పోయిన పిల్ల గురించి ఇన్నేళ్ళకు మొదటిసారి ఒకరు అడిగారు. తెలియదన్నాను. నేను అక్కడ లేను కదా.

నిన్న కాగితం వచ్చింది. మొండోడి పేరు, రెండు వందల పిల్లల పేర్లు, అన్నీ పుస్తకంలోంచి కొట్టేశారు. కారణం కింద నా పేరు రాశారు, నీ పేరు ఎక్కడా లేదు. మొండోణ్ణి తోలుకెళ్ళమని మాంసం వాళ్ళకు కబురు వెళ్ళిందని తెలిసి మళ్ళీ ఆవిడ దగ్గరకు పరిగెత్తాను.

"వాణ్ణి నాకిచ్చెయ్యండమ్మా."

"నీకా? నీకు ఉండటానికే గది లేదిప్పుడు."

"ఇద్దరికీ లేదు కదమ్మా, తోడుంటాం."

నవ్వబోయి ఆపుకున్నారనుకుంటాను. "మధ్యాహ్నంలోగా నా కళ్ళ ముందు నుంచి పొండి, ఇద్దరూ" అన్నారు.

లారీలు తూకం వేసే షెడ్డు నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. మీ వైపు వచ్చే డ్రైవరు దీన్ని తెచ్చిస్తానన్నాడు. ఈ ఉత్తరం నాకంటే ఒకరోజు ముందు నిన్ను చేరుతుంది. మొండోడు బాగానే నడుస్తున్నాడు. నేనే వెనకబడుతున్నాను. దూరం ఎక్కువైతే ఆగి, చెవులు వెనక్కి తిప్పి, విసుగ్గా చూస్తున్నాడు.

నీ మాట వినలేదు. గేటు తియ్యమని అడిగే మొహం నాకు లేదు. నన్ను బయటే నిలబెట్టు, ఏమైనా అను, అల్లుణ్ణీ అనమను. మొండోడికి మాత్రం ముందు ఒక బకెట్టు నీళ్ళు పెట్టు. ఈ దారిలో చెరువూ తొట్టీ లేవు, పొద్దుటి నుంచి వాడు తాగింది నా సీసాలో మిగిలిన సగమే.

నాన్న