ఆకువక్క మీద చెయ్యి

జూన్ 29, ఆదివారం

పంచాయితీ మళ్ళీ వాయిదా. ఈసారి కారణం ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు కలపరు, ఇల్లు విడదీయరు అన్నాడు శంకరయ్య సేట్, మా కులసంఘం పెద్ద. ఆయన మేడ మీద తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు, మధ్యలో ఆకువక్కల పళ్ళెం. ఇటు అమ్మ, చెల్లెలు పద్మ, నేను. అటు పద్మ భర్త శ్రీకాంత్, అతని తండ్రి. మేము అడిగింది ఒక్కటే — బిట్టును తల్లి దగ్గరికి పంపండి. పిల్లవాడికి నాలుగేళ్ళు.

నేను నోరు తెరవబోతే సేట్ నవ్వాడు.

"నువ్వు పేపరామెవు బిడ్డా. గిది మాత్రం పేపర్ల ఎయ్యకు. ఇంటి ముచ్చట."

అందరూ నవ్వారు. పద్మ మామ కొంచెం ఎక్కువ నవ్వాడు. చాయ్ వచ్చింది. నేను తాగలేదు.

జూలై 2

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను, లేకపోతే నాకే మరుపు వస్తుంది.

ఉగాది వెళ్ళిన వారం. గిన్నెల దుకాణంలో, పనివాళ్ళ ముందు, శ్రీకాంత్ పద్మను చెంప మీద కొట్టాడు. పద్మ చెప్పులేసుకుని నేరుగా సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. అప్పుడు బిట్టు బడిలో ఉన్నాడు. సాయంత్రం వాణ్ణి తెచ్చుకుందామని ఇద్దరం మొఘల్‌పురాలో వాళ్ళ ఇంటికి వెళ్ళాం. తలుపు తీయలేదు. లోపల టీవీ మోగుతూనే ఉంది.

ఇప్పుడు వాళ్ళు పదిమందికీ చెప్పేది: "పిల్లగాణ్ణి ఇడిసిపెట్టి పోయింది."

ఇడిసిపెట్టి... ఈ మాటకు తగిలించడానికి నాకు చాలా విశేషణాలు తోచాయి. రాశాను. కొట్టేశాను.

జూలై 6

అమ్మతో లొల్లి. పొద్దున మొదలైంది, అన్నాలదాకా సాగింది.

కోర్టుకు వెళదామంటే అమ్మ ఒప్పుకోదు. మొదటి పంచాయితీలోనే పళ్ళెంలో ఆకువక్క మీద చెయ్యేసింది. మావాళ్ళ పద్ధతి అది. రెండు వైపుల నుంచీ ఒకరు చెయ్యేసి మాట ఇవ్వాలి — తగవు తేలేదాకా ఠాణా గడప గానీ కోర్టు గడప గానీ తొక్కమని. అటువైపు పద్మ మామ వేశాడు. ఆయనకేం నష్టం, పిల్లవాడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తగవు ఎంత ఆలస్యంగా తేలితే అంత మంచిది.

"చట్టంలో ఈ పళ్ళెం ఎక్కడుందమ్మా?"

"నీ చట్టం వచ్చి నా పాడె మోస్తదా?"

 నాన్న పోయినప్పుడు మోసింది కులంవాళ్ళే. మాట తప్పిన ఇంటికి చావుకూ రారు, పెళ్ళికీ పిలవరు. అమ్మ మూర్ఖురాలు కాదు. భయం.

అది తెలిసినా కోపం తగ్గలేదు.

జూలై 20, ఆదివారం

బోనాలు. బిట్టును ఒక్క పూట పంపమని అడిగించాం. "మా ఇంటి బోనం ముందట నడవాలె గదా వాడు" అని కబురు. పద్మ ఊరేగింపు టీవీలో చూసింది, శబ్దం పూర్తిగా తగ్గించి.

ఆగస్టు 19

శ్రావణం కూడా అయిపోవస్తోంది. ఇప్పుడు పెళ్ళిళ్ళ గిరాకీ, దుకాణం వదిలి పంచాయితీకి కూర్చోవడం కుదరదట. పిల్లవాణ్ణి చూడాలంటే దుకాణానికి రమ్మన్నారు. "ఎవరొద్దన్నరు, వచ్చి చూస్కోరాదూ."

వెళ్ళాం. గల్లా పక్కన స్టూలు మీద బిట్టు. జుట్టు పొట్టిగా కత్తిరించారు. దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉర్దూలో బేరమాడేవాళ్ళే. మెట్ల దగ్గర నిలబడ్డ పద్మను పైనుంచి కిందికి చూసి, గిరాకీని అడిగినట్టే బిట్టు అడిగాడు:

"క్యా హోనా?"

ఏం కావాలి, అని. కన్నతల్లిని.

పనివాడొకడు నవ్వబోయి ఆగాడు. పద్మ మెట్టు మీద కూర్చుంది. బిట్టు కాసేపు చూసి, స్టూలు దిగి వచ్చి, ఆమె గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అంతలో ఎవరో స్టీలు బిందెలు అడిగారు, వాళ్ళ తాత వాణ్ణి లోపలికి పిలిచాడు. వాడు వెళ్ళిపోయాడు.

ముసలాయన నాతో అన్నాడు, దాచకుండా:

"ఇంక రెండ్నెల్లు. ఐదు నిండితే పిల్లగాడు తండ్రి కిందికే వస్తడట, మావోళ్ళు కనుక్కున్నరు. నీకు తెల్వంది కాదు."

అయితే వాయిదాలకు కారణం ఆషాఢం కాదు. శ్రావణం కాదు. అక్టోబరులో పుట్టినరోజు.

ఆటోలో పద్మ ఒక్కటే మాట. "అక్కా, వాడు నన్ను గుర్తుపట్టిండా, లేదా?"

ఆగస్టు 20

కోర్టు వార్తలు రాసే రోజుల నుంచీ నాకు తెలిసిన వకీలు నఫీసా. కథంతా చెప్పాను. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టి —

"ఐదేండ్లంటే తాళమా, దినం నిండంగనే టక్కున పడనీకి? ఐదు లోపలైతే మామూలుగా అమ్మ దగ్గరే ఉండాలని రాసుంది. నిండినంక గూడ జడ్జి చూసేది బచ్చా బాగు. వాళ్ళ లెక్క తప్పు."

ఊపిరి పీల్చుకున్నాను.

"ఖుష్ కాకు. అసలు డర్ వేరే ఉంది. నెలలు నెలలు ఆడ్నే ఉన్నడు, ఆడ్నే అలవాటైండు, కదిలిస్తే ఆగమైతడు అంటరు. గా మాట జడ్జి ఇంటడు. జల్దీ సంతకం పెట్టమను మీ చెల్లెను."

వాళ్ళ లెక్క తప్పు. అయినా ఆ తప్పు లెక్కతోనే గెలిచేలా ఉన్నారు.

పద్మ సంతకం పెట్టదు. అమ్మ చెయ్యి ఆకువక్క మీదుంది గదా, అంటుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

సేట్ మేడ. అవే పరుపులు, అదే పళ్ళెం. సేట్ గొంతు సవరించుకుని, "పెద్దలకు బియ్యమిచ్చే దినాలు నడుస్తున్నయి. సచ్చినోళ్ళ దినాలల్ల గిసొంటి ముచ్చట్లు మంచియి గావు. దసరా పోనియ్యిండ్రి" అన్నాడు.

నేను లేవబోయాను. నాకంటే ముందు అమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పి, గోడ పట్టుకుని లేచింది.

"సచ్చినోళ్ళకు దినాలున్నయి సేటూ. బతికున్న పోరనికి లేవా?"

సేట్ పళ్ళెం సర్దబోయాడు, అమ్మ ఆగలేదు.

"ఆనాడు చెయ్యేసిన. ఇయ్యాల తీస్కుంటున్న. నా చెయ్యే గదా."

"వదినా, సోచాయించుకో" అన్నాడు పద్మ మామ. "రేపు నీ గడపకు ఎవరొస్తరు?"

"నా మనుమడొస్తడు."

మెట్లు దిగేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకున్నాను.  ఇంటికి రాగానే పప్పుకు పోపు పెట్టింది. 

సెప్టెంబరు 22

పిటిషన్ వేశాం. పద్మ సంతకం గీత దాటి పోయింది. పర్వాలేదు అంది నఫీసా.

అక్టోబరు 3

పెదనాన్న మనవరాలి పెళ్ళి పత్రికలు మా వీధిలో పంచి వెళ్ళారు. మా ఇల్లు దాటి పోయారు. అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. తల ఎత్తలేదు.

అక్టోబరు 9

బిట్టుకు ఐదు నిండాయి.

నవంబరు 5

మా పిటిషన్‌కు జవాబుగా వాళ్ళు వేసిన కౌంటర్ చదివాను. 'తల్లి తన ఇష్టపూర్వకంగా బిడ్డను వదిలి వెళ్ళినది. ఇన్ని నెలలుగా కోర్టును ఆశ్రయించలేదు. కావున ఆమెకు బిడ్డపై మమకారం లేదు.'

కోర్టుకు పోవద్దని పళ్ళెం ముందు పెట్టి చెయ్యి వేయించుకున్నవాళ్ళే రాశారిది. నా ఉద్యోగంలో అబద్ధాలు చాలా చూశాను. ఇంత శుభ్రంగా ఇస్త్రీ చేసింది చూడలేదు. లేచి బయటికి వెళ్ళి, గేటు దగ్గర నిలబడి, మళ్ళీ వచ్చి రెండోసారి చదివాను. ప్రతి వాక్యం కింద గీత గీశాను. నఫీసాకు ఇవ్వాలి.

నవంబరు 15, శనివారం

మధ్యంతర ఉత్తర్వు: ప్రతి శనివారం రెండు గంటలు పద్మ బిట్టును చూడొచ్చు, కోర్టు ఆవరణలో పిల్లల గదిలో. ఈ రోజు మొదటిది.

తాత బయట బెంచీ మీద. నేను ఆయన పక్కనే, కిటికీలోంచి చూస్తూ. మొదట బిట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ప్లాస్టిక్ దిమ్మెలు వరుసగా పేర్చాడు. దుకాణం.

"క్యా హోనా?"

ఈసారి పద్మ తడబడలేదు. "గా ఎర్రది ఎంత?"

"ఏక్ దామ్."

"తగ్గియ్యరాదు సేటూ. గరీబుదాన్ని."

వాడు నవ్వాడు. పద్మ అన్నీ కొనేసింది. సమయం అయిపోయిందని చెప్పినప్పుడు ఎర్ర దిమ్మె ఆమె సంచిలో వేశాడు. అది కోర్టుది, అక్కడ పెట్టెయ్యమని పద్మ అంటే, "నీది. కొన్నవ్ గదా" అన్నాడు.

ఆ గది చూసుకునే ఆమెకు చెప్పి, దిమ్మె తిరిగి ఇచ్చేశాం. ఇవ్వకుండా ఉండాల్సిందేమో...

నవంబరు 22, శనివారం, పొద్దున

పద్మ తయారైంది. అవే గాజులు. డబ్బాలో మురుకులు.

శ్రీకాంత్ నుంచి మెసేజ్. బాబుకు జ్వరం, ఈ రోజు తీసుకురాలేము. అంతే.

ఫోన్ చేస్తే ఎత్తడు. నఫీసాతో మాట్లాడాను. దుకాణానికో ఇంటికో పోవద్దంది. పోతే లొల్లి చేసిందని రాస్తారు. నేను లెక్క వేసింది రెండోవైపు: పోకపోతే, జ్వరమని తెలిసీ తల్లి రాలేదని రాస్తారు. రెండు వాక్యాలూ వాళ్ళ దగ్గర ఇప్పటికే తయారుగా ఉండి ఉంటాయి.

జ్వరం నిజమో కాదో తేల్చుకునే దారి నాకు లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగం, ఈ ఒక్క సంగతి ధ్రువపరచుకోలేను.

"అబద్ధమే కావచ్చు" అన్నాను.

"నిజమైతే అక్కా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసింది, పద్మ మొహం చూసింది. జ్వరం మాత్రలు తెచ్చి సంచిలో మురుకుల పక్కన పెట్టింది.

పద్మ చెప్పులేసుకుంటోంది. మొఘల్‌పురా పొమ్మని నేను అనలేదు. వద్దనీ అనలేదు. గేటు గడియ తీసిన చప్పుడు —