వేంకటాచలంగారి పేరును కంప్యూటరులోంచి బయటకు పంపించుట గురించి

భీమడోలు.

శ్రీ గంగా మత్స్య రైతుల సమాఖ్య, ఏలూరు కార్యాలయపు కంప్యూటర్ విభాగం అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కైకలూరు శాఖ ఆపరేటరు అయిన నా భర్త లాగిన్‌ను మహాలయ పక్షాలకు ముందుగా మూసివేయించుట గురించి.

భీమడోలు నివాసి కృష్ణవేణి నమస్కరించి వ్రాసుకొను మనవి. మా వారి పేరు నోటితో పలికే అలవాటు నాకు లేదు. కంప్యూటరు అడిగినది కనుక టైపు చేశాను, తమరికి తెలియాలి కనుక వ్రాస్తున్నాను: వేంకటాచలం. మాది చేప ముట్టని ఇల్లు. అయినా వారు ఇన్నేళ్ళూ తమ సంస్థలో చేపల చెరువుల లెక్కలే వ్రాశారు.

1. గడచిన ఆషాఢంలో వారు చెరువుల వివరాల కోసం ఒక లంక గ్రామానికి పడవలో బయలుదేరారు. కొల్లేటిలో గాలివాన వచ్చి పడవ తిరగబడినది. తక్కినవారు ఈదుకొని వచ్చారు. మా వారికి ఈత రాదు. గొడుగు, సంచీ దొరికాయి. మనిషి దొరకలేదు.

2. పోలీసువారు ఫోటో ఉన్న ఉద్యోగ పత్రం అడిగారు. అది వారి లాగిన్‌లో ఉన్నది. పాస్‌వర్డు నాకు తెలుసును. తాడేపల్లిగూడెంలో నాకు చెల్లెలి వరుస అయిన ప్రసన్నలక్ష్మి నెట్ సెంటరులో ప్రయత్నించగా, ఈ యూజరు ఇప్పటికే వేరొక కంప్యూటరులో పనిచేయుచున్నారు అని వచ్చినది. ఆమె కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివినది.

"పాస్‌వర్డు తప్పయితే తప్పనే చెబుతుందండీ అక్కా. ఇది తప్పనట్లేదు. బావగారు ఎక్కడో కూర్చుని పనిచేసుకుంటున్నారంటోంది" అన్నది.

ఆ మాట విన్న మనిషి ఏమి చేయునో తమరే ఆలోచించవలెను. నేను ఇంటికి వచ్చి వారి పంచెలు ఉతికి ఆరవేశాను.

3. పిమ్మట ఏలూరు వచ్చి తమ సహాయ కేంద్రంలో ఫణికిరణ్‌గారిని కలుసుకున్నాను. వారు కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టారు. వేరే కంప్యూటరు మీద కూడా చూశారు. రెండింటిలోనూ అదే మాట. ఆ వేరొక కంప్యూటరు ఏ ఊరిలో ఉన్నదో చెప్పమని వేడుకున్నాను.

"మీరు వేంకటాచలంగారేనా అండీ?"

"కాదండీ. వారి భార్యను."

"అయితే చెప్పకూడదండీ, అమ్మా. రూలు. ఆయన్నే ఒకసారి రమ్మనండి."

వారిపై నాకు ఫిర్యాదు లేదు. నేనూ అదే కోరుకుంటున్నానని చెప్పి వచ్చాను.

4. మా బావగారు రఘురామ్‌గారు పౌరోహిత్యం చేస్తారు. దేహం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించాలని, అది జరిగితేనే మహాలయంలో తమ్ముడికి తర్పణం వదలగలనని అన్నారు. పని చేసుకుంటున్న మనిషికి దహనమేమిటండీ అన్నాను. వారు తెచ్చిన దర్భల కట్టను అటక మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు.

5. ఇక ఉండబట్టక కైకలూరు వెళ్ళాను. వారి కుర్చీలో కొత్తగా చేరిన రమ్యశ్రీ అనే అమ్మాయి కూర్చుని ఉన్నది. తెర మీద పైమూలన మా వారి పేరు. నన్ను చూసి ఆ పిల్ల లేచి నిలబడినది.

"సారు ఆ పొద్దున్న తెరిచిపెట్టి పడవెక్కారండీ ఆంటీ. నాకింకా ఐడీ రాలేదండీ. మూసేస్తే మళ్ళీ తెరవడం మాకెవరికీ తెలీదండీ. అందుకని కరెంటు పోయినా ఇన్వర్టరు మీద అలాగే ఉంచుతున్నామండీ" అన్నది.

అఖండ దీపాన్ని కాచినట్టు కాచారు. మా ఆశ అంతా దాని వెలుగేనని అప్పుడు తెలిసినది. ఆ అమ్మాయి టీ తెప్పించినది. నేను తాగేవరకూ తను పని ఆపి కూర్చున్నది.

శాఖ కార్యదర్శి అబ్బాయిరాజుగారు, పాస్‌వర్డు తెలిసినవారు మీరే కనుక మీ చేతితోనే మూసివేయండి, రేపు అవసరమైతే మీరే తెరవవచ్చును అన్నారు. బాణం గుర్తును లాగౌట్ మీదకు తీసుకువెళ్ళాను. నొక్కలేకపోయాను. తెరచి వెళ్ళినది వారు. నేనెలా మూయను?

కావున ఆ పని తమ కార్యాలయంవారు చేయవలెను. రోజూ ఉదయాన ఆ పేరు పనిలోకి వెళ్ళి కూర్చుంటూ ఉంటే, ఇక్కడ మేము దానికి నీళ్ళు వదలలేము. బావగారితో సరేనన్నాను. రమ్యశ్రీకి తన పేరుతోనే ఐడీ ఇప్పించవలెను. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనకూడదు.

తొందరపెట్టుచున్నందుకు మన్నించి, ఈ మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కృష్ణవేణి

మరొక మాట. మూసివేసిన తరువాత ఏనాడైనా, ఏ ఊరి నుంచైనా ఎవరైనా ఆ పేరుతో లోపలికి రాబోయి పాస్‌వర్డు తప్పు కొడితే, దయచేసి తప్పని చెప్పి పంపివేయకండి. వారికి అది ఎన్నడూ గుర్తుండేది కాదు. రోజూ ఆఫీసు నుంచి ఫోను చేసి నన్నే అడిగేవారు. పడవ ఎక్కిన పొద్దున కూడా అడిగారు. నాకు ఫోను చేయమనండి. నా నెంబరు మారలేదు. చెబుతాను.