టెంక పట్టేదాకా

చాట్రాయి,
ఏప్రిల్ 6.

పిందమ్మా,

పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉన్నావని మీ నాన్న పెట్టిన పేరు. పుస్తకాల మీద షాలోమి అని రాసుకున్నా నాకు నువ్వు పిందెవే. జ్వరం నిన్ను తీసుకుపోయి నలభై ఆరు రోజులు. జ్ఞాపకార్థ కూడిక కూడా అయిపోయింది. మధ్యాహ్నం మామిడి తోటలో కూర్చుంటే ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద ఊగుతుంది. నేను ఒరుగులకి కాయలు తరుగుతుంటే, నిరుటిలాగే నువ్వు పక్కన కూర్చుని నీ నవల చదివి వినిపిస్తున్నట్టే ఉంటుంది. "ఇక్కడ బాగుందా అమ్మా?" అంటావు. ఊఁ అంటాను. తల ఎత్తితే చెట్టే.

ఈ రోజు మాధురి వచ్చింది. నెలకోసారి నూజివీడులో వాళ్ళ డాబా మీద చేరి, మీరు నలుగురూ ఒకరి రాత ఒకరు దిద్దుకునేవారు కదా. తన రాత చదివించుకోవాలంటే ముందు ఎదుటివాళ్ళది చదవాలని మీ నియమం. "ఆంటీ, నా నవల కాయితాలు షాలోమి దగ్గరున్నాయండీ. కనబడ్డాయా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అబద్ధం. బియ్యం డబ్బాలో దాచాను.

ఎందుకో నీకు తెలుసు. నీ నవలకి ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలిందన్నావు. అది వదిలేసి, మంచంలో పడి కూడా మాధురి కాయితాలే దిద్దావు. "ఊరందరి తోటలకీ నీళ్ళు పెట్టి నీ తోట ఎండబెడతావటే?" అని తిట్టాను. "వాళ్ళ తప్పు పట్టుకుంటేనే నా తప్పు నాకు కనబడుద్దమ్మా" అని నవ్వావు. మన ఆఖరి పోట్లాట అదే. నీ రోజులన్నీ వాళ్ళు తినేశారని నా కడుపుమంట. నేనివ్వను.

నీ అమ్మ.


మే 11.

పిందమ్మా,

పారేద్దామని మాధురి కాయితాలు బయటికి తీశాను. నీ పెన్సిలు అక్షరాలు కనబడి అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నా ఐదో తరగతి చదువుకి పేజీకొక పూట పట్టింది. అక్కడక్కడా పక్కన 'టెం' అని రాశావు. ఇంగ్లీషు మార్కులనుకున్నాను. స్నేహితురాలని పదికి పది వేసేసిందే, అని నీ మీద కూడా కోపం వచ్చింది.

నలభై మూడో పేజీలో పూర్తిగా రాశావు. "మాధూ, ఇక్కడా టెంక పట్టలేదు. తొందరపడి కోసేశావు. మా అమ్మకి ఈ పేజీ వినిపిస్తే, ఆ పిల్ల అన్నం ఎప్పుడు తిందే అని అడుగుతుంది."

టెంకా! కోతకి ముందు ఒక కాయ కోసి చూసి నేను చెప్పే మాట. కత్తికి టెంక గట్టిగా తగిలితేనే కాయలు దింపాలి. మెత్తగా తెగిపోతే చెట్టుకే ఉంచాలి. నా కత్తి మాట మీ నలుగురి నోళ్ళలో తిరుగుతోందని నాకు తెలియనే తెలియదు. నీ నవల నోటుబుక్కు తెరిచాను. అందులో మిగతా ముగ్గురి చేతిరాతల్లోనూ అదే, టెం, టెం.

ఆఖరి అధ్యాయం నువ్వు రాయలేదనుకున్నాను. రాశావు. పదకొండు పేజీలు. రాసి, అడ్డంగా గీత కొట్టి, పైన నీ చేత్తోనే 'టెం' అని పెట్టుకున్నావు. కింద తేదీ, జ్వరం రాకముందుది.

నీ రోజులు ఎవరూ తినలేదు తల్లీ. పచ్చికాయ కొయ్యొద్దని నేర్పింది నేనే. అంత గట్టిగా ఎందుకు నేర్పానా అని చాలాసేపు ఏడ్చాను. అప్పుడు గాలి వచ్చింది. తోటంతా ఒక్కసారి ఊగింది, ఊఁ అన్నట్టు.

అమ్మ.


మే 29.

మాధురి తల్లీ,

నీ కాయితాలు లేవని అబద్ధం చెప్పాను. షాలోమి నాన్న చేత పంపిస్తున్నాను. బియ్యం డబ్బాలో దాచాను, దులుపుకో. ఈ ముసలిదాన్ని క్షమించు.

నలభై మూడో పేజీ దాకా షాలోమి పెన్సిలు. ఆ తర్వాత వంకర అక్షరాలు నావి. మీ డాబా నియమం ప్రకారం ముందు నీది మొత్తం చదివాను. కాబట్టి ఇప్పుడు మా పిల్లది మీరు చదవాలి. నోటుబుక్కు కూడా సంచిలో ఉంది. ఆఖరి అధ్యాయం మాత్రం ఎవరూ పూర్తి చెయ్యకండి. గీత కొట్టింది కొట్టినట్టే ఉంచండి. అది చెట్టుకి వదిలిన కాయ.

నీ నవల నాకు నచ్చింది. వాన పేజీ చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. ఒక్కటే లోటు. నూట పది పేజీల్లో నీ కథలో పిల్ల బస్సెక్కింది, ఏడ్చింది, ఉద్యోగం మానేసింది. ఒక్క ముద్ద తినలేదు. ఆ రోజు నువ్వొచ్చినప్పుడు చూశాను, నీ మెడ ఎముకలూ బయటికొచ్చేశాయి. అయినా మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేశాను. ఆ తప్పు నన్ను తొలిచేస్తోంది.

సంచిలో పైన చిన్న రసాలు పెట్టాను. టెంక చూసే దింపాను. ముందు నీ కథలో పిల్లకి అన్నం పెట్టు. నువ్వూ వేళకి కడుపునిండా తిను.

షాలోమి అమ్మ,
దయామణి.