టీ కాళాన్‌లో పురుగులు

రంగనాయకీ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఈరోజు పొద్దున నీ టీ కాళాన్ జాడీలో పురుగులు కనబడ్డాయి. చక్కెర వేసిన టీ నీళ్ళ మీద నువ్వు పెంచిన, ఏడాదిగా మేము టీ పోస్తూ నిలిపిన ఆ తెల్లటి పుట్టగొడుగు పొర అంతా సన్నగా కదులుతోంది. జాడీ మూతికి కట్టిన గుడ్డ పలచబడితే చిన్న ఈగలు దూరి గుడ్లు పెట్టాయి.

పారబోద్దామని ఎత్తాను. మన విజయ అడ్డం వచ్చింది.

"వద్దు నాయనా. అమ్మ చేత్తో పెట్టింది. పైన కడిగేస్తే సరిపోతాది."

"లోపల కూడా గుడ్లు ఉంటాయి అమ్మిణీ. ఇంక పనికిరాదు."

"అయితే నేనే తాగి చూపిస్తా."

గ్లాసు ముంచి నోటిదాకా తెచ్చుకుంది. చెయ్యి పట్టుకున్నాను. తను గ్లాసు వదలలేదు. ఆ పెనుగులాటలో నీళ్ళు నేల మీద ఒలికాయి. మిల్లు సంగు కూత పెట్టి పిలిచినా నేను షిఫ్టుకు కదలలేదు.

"మీ అమ్మ ఒక్కనాడూ దీన్ని తాగలేదు," అన్నాను. "వాసనకే ముక్కు మూసుకుంటా ఉండె. మిల్లు దూదికి నాకు దగ్గు వస్తా ఉండాదని, నా కోసం పెట్టింది."

విజయ గ్లాసు దించింది. జాడీ తానే పెరట్లోకి మోసుకెళ్ళి, గుంట తీసి అంతా పోసి మట్టి కప్పింది. జాడీని మరిగే నీళ్ళతో కడిగి ఎండలో బోర్లించింది.

రేపు నీ పటం ముందు కాపీ కలిపి పెడదామని అనుకున్నాము. నీకు చక్కెర ఎంత వెయ్యాలో నాకు తెలియలేదు. మన విజయకు తెలుసు.