బోర్లించిన పలకలు

జూలై 17, 2019. బుధవారం.

స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దడం అయిపోయింది. మూడో తరగతి, ఇరవై మూడు మంది. పంతొమ్మిది మందికి ఏ గ్రేడ్. హెడ్‌మాస్టర్ అమరేందర్ సార్ రిజిస్టర్ చూసి, ట్రైనింగ్ లేకున్నా దుమ్ము లేపినవ్ ఎస్తేరూ అన్నారు.

"ట్రైనింగ్ లేకున్నా." రోజుకొకసారి ఆ మాట అనకపోతే ఆయనకు అన్నం అరగదు. అవును, లేదు. ఐదో తరగతి తర్వాత నేను బడి మొహం చూడలేదు. పత్తి చేలో, అందరూ సద్ది తిని నడుం వాల్చినప్పుడు గైడ్లు చదువుకుని ఓపెన్ టెన్త్, ఓపెన్ డిగ్రీ పాసయ్యాను. లెక్కలు నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. ట్రైనింగ్ ఉన్నవాళ్లెవరూ ఈ ఊరికి రామంటేనే నన్ను విద్యా వాలంటీర్‌గా తీసుకున్నారు. అది మాత్రం ఎవరూ అనరు.

ముగ్గురికి బి. కోమల ఒక్కదానికే సి. ఇరవైకి రెండు. బడి తెరిచినప్పటి నుంచి తొమ్మిది రోజులు రాలేదు, ఇంకేం వస్తుంది? ప్రోగ్రెస్ కార్డులో టీచర్ అభిప్రాయం దగ్గర "బాగా వెనుకబడింది" అని రాసి ఇంటికి పంపాను.

జూలై 19. శుక్రవారం.

కోమల నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. వాళ్ల అవ్వ గుర్వమ్మ పిల్లను బడి మాన్పించి మేకల వెంట తోలుతుందట. కార్డు చదివించుకుని విన్నాక తీసుకున్న నిర్ణయమట.

జూలై 20. శనివారం. సాయంత్రం 6.

తిరుమలగిరి హైస్కూల్లో కాంప్లెక్స్ మీటింగ్, చుట్టుపక్కల బళ్ల టీచర్లందరికీ. పిల్లలకు పాఠం వచ్చిందో లేదో ఎట్లా తెలుసుకోవాలో మాకు నేర్పుతారట. షేర్ ఆటోలో నలిగి నలిగి పోయాను, ఇది వినడానికి.

చెప్పడానికి వచ్చినాయన విజేందర్ సార్. చేతిలో ఒక పలక తప్ప ఏమీ లేదు. వస్తూనే, బోర్డు మీద చేయించిన లెక్కల్నే మళ్లీ టెస్టులో ఇచ్చేవాళ్లు చేతులెత్తండి అన్నారు. నలభై మందిలో ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన తన చెయ్యే ఎత్తారు. "నేను పదకొండేండ్లు గదే చేసిన. మీరందరు నాకంటె మంచోళ్లున్నరు. గీడ నాకేం పని, చాయ్ తాగి పోత" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా ఐదు లెక్కలూ ముందురోజు బోర్డు మీద ఉన్నవే.

ఆయన చెప్పింది ఇంతే. కొత్త లెక్క ఇవ్వండి. చేశాక అందరూ పలకలు బోర్లించాలి. మీరు చెప్పగానే ఒక్కసారే ఎత్తాలి. రైటు అనకండి, తప్పు అనకండి. ఎట్లా చేశావని అడగండి.

నాకు ఒళ్లు మండింది. లేచి, ఇరవై మూడు మందిని అడుక్కుంట కూసుంటే సిలబస్ మీరొచ్చి చేస్తరా సార్ అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "చెయ్యనమ్మా. నువ్వు రోజుకు ముగ్గుర్నే అడుగు. నువ్వు చెప్పింది ఆ పిల్లల తలకాయలకు పోయి ఏమయిందో తెలుస్తది" అన్నారు.

ఆటోలో ఊరు వచ్చేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

జూలై 22. సోమవారం. మధ్యాహ్నం 1.15.

పిల్లలు అన్నాలు తింటున్నారు. నాకు తినబుద్ధి కావడం లేదు.

పొద్దున కోమల వచ్చింది. చదువుకోవడానికి కాదు. బడి పుస్తకాలు, అవ్వ వేలిముద్ర వేసిన కార్డు ఇచ్చిపోవడానికి. వచ్చినదానివి కాసేపు కూర్చో అన్నాను.

ఆ సార్ మాట అబద్ధమని తేల్చుకుందామనే పలకలు తీయించాను. 52 లోంచి 27 తీసేయండి. బోర్లించండి. ఎత్తండి.

35. 35. 35. ఏ గ్రేడ్ వచ్చిన పంతొమ్మిది మందీ 35. బి వాళ్ల ముగ్గురి పలకల మీద ఏమీ లేదు. చివరి వరసలో కోమల పలక మీద 25.

మొదటి బెంచీ నవీన్‌కుమార్‌ను ఎట్లా చేశావని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు. "పెద్దదాంట్లకెల్లి చిన్నది తియ్యాలె అని మీరే చెప్పిండ్రు గద టీచర్! ఏడులకెల్లి రెండు తీసిన. అయిదు."

నేనే చెప్పాను. పోయిన నెల మూడుసార్లు గట్టిగా అనిపించాను కూడా. పత్తి చేలో గైడు పట్టుకుని నాకు నేను చెప్పుకున్న సూత్రం అది. కింది అంకె పెద్దదైనప్పుడు పక్కనుంచి పది తెచ్చుకోవాలని తెలుసు, చేతితో చేస్తాను, నోటితో మాత్రం చెప్పలేదు. నేను బోర్డు మీద వేసిన లెక్కల్లో కింది అంకెలన్నీ చిన్నవే. అందుకే తప్పు బయటపడలేదు. అందుకే పంతొమ్మిది ఏ గ్రేడ్లు.

సూత్రం చెప్పిన రోజు రిజిస్టర్ తీసి చూశాను. కోమల ఆబ్సెంట్.

నువ్వెట్లా చేశావే అంటే నేల చూస్తూ చెప్పింది. "యాభై రెండు మేకలు పోయినయ్. ఇరవై ఏడు దొడ్లకొచ్చినయ్. ఇంక మూడొస్తే ముప్పై. ఇంక ఇరవై వస్తే యాభై. ఇంక రెండు. గంతే."

బీరువాలోంచి దాని స్లిప్ టెస్ట్ పేపర్ లాగాను. ఐదు జవాబులూ కరెక్టే. చేసిన పద్ధతి లేదు. రోజూ రాని పిల్లకు ఎక్కడినుంచి వస్తాయి, పక్కదాని దాంట్లో చూసి రాసింది అనుకున్నాను. నాలుగు కొట్టేసి, ఒకదానికి జాలిపడి రెండు మార్కులు వేశాను.

జాలి!

తల ఎత్తేసరికి కోమల వెళ్లిపోయింది. పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి.

అదే రోజు. సాయంత్రం 7.

గుర్వమ్మ దొడ్డి దగ్గరికి పోయాను. మేకలు లోపలికి వస్తున్నాయి. కోమల తడిక పట్టుకుని లెక్కపెడుతోంది. లెక్క అయ్యేదాకా నాతో ఎవరూ మాట్లాడలేదు.

నా పాఠం విన్నవాళ్లంతా తప్పు చేశారు, విననిదానికే వచ్చింది, పిల్లకు లెక్కలు వచ్చు, బడికి పంపమన్నాను. గుర్వమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. సత్తమ్మ బిడ్డవే గదా నువ్వు అని, "మొన్న రాదని రాస్తివి. ఇయ్యాల వచ్చునని వస్తివి. నీ పాఠం ఇననందుకే దానికొచ్చిందంటివి. మరి బడెందుకు బిడ్డా?" అంది.

  

యాభై అరవై దాకా దానికి మేకలు చాలు అవ్వా, వెయ్యి దాటితే చాలవు, నేను ఇప్పుడు అడగడం నేర్చుకుంటున్నాను అన్నాను. గుర్వమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "కార్డు మీద రాస్తివి కాబట్టి ఊరంత తెలిసె. గా తప్పు నీదని గూడ గా కార్డు మీదనే రాయి. సంతకం పెట్టు. సదివించుకొని సూస్త" అంది.

జూలై 23. మంగళవారం.

పిల్లల ముందు నిలబడి, నేను తప్పు చెప్పాను, ఆ సూత్రం మర్చిపోండి అన్నాను. నవీన్‌కుమార్ గాడు, మరి మా ఏ గ్రేడ్ పోతదా టీచర్ అన్నాడు. పోతుందన్నాను. గోల.

కార్డు అమరేందర్ సార్ ముందు పెట్టాను. ఇరవై రెండేండ్ల సర్వీసులో ఏ టీచరూ కార్డు మీద తన తప్పు రాసుకోగా చూడలేదన్నారు. మార్కులు ఆన్‌లైన్లో ఎక్కాయన్నారు. వచ్చే ఏడాది నా రెన్యువల్ కాగితం మీద సంతకం తనదేనని గుర్తు చేశారు. నోటితో చెప్తే సరిపోదా, రాసుడెందుకే నీకు అన్నారు.

ఆమె చదువురాని మనిషి సార్, రాసిందే నమ్ముతది అన్నాను.

ఆయన సంతకం పెట్టలేదు. స్టాంపు డబ్బా మాత్రం నా వైపు జరిపి బయటికి వెళ్లిపోయారు.

"బాగా వెనుకబడింది" కొట్టేశాను. కింద రాశాను: "ఈ గ్రేడు తప్పు. కోమలకు లెక్కలు వచ్చు. నేను సరిగా అడగలేదు. ఎస్తేరు." స్టాంపు గుద్దాను.

పోయి గుర్వమ్మ చేతిలో పెట్టాను. కొంగున ముడేసుకుంది.

జూలై 24. బుధవారం.

ఇరవై రెండు పలకలు.

జూలై 25. గురువారం. ఉదయం 10.

కోమల వచ్చింది. 63 లోంచి 38 ఇచ్చాను. దాని పలక మీద 26, ఒకటి ఎక్కువ. తప్పు అనలేదు.

ఎట్లా చేశావని అడిగాను. చెబుతోంది. అందరం వింటున్నాం.