మా కంపెనీ గ్రీన్ అవుతుందట

అల్ ఖర్జ్, మార్చి 2018

జ్ఞానమణి అక్కకు నెహెమ్యా వందనాలు.

పాల ఫారంలో సిగ్నల్ లేదు, అందుకే లారీ డ్రైవరు చేతికి ఉత్తరమిస్తున్నాను. ఇక్కడి ఆవుల షెడ్ల మీద మా కంపెనీ తరఫున సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్నాం. సర్కారు కంపెనీలకిచ్చే నితాఖత్ రంగుల్లో మా కంపెనీ రెడ్‌లో పడిందట. రెడ్‌లో ఉంటే మమ్మల్ని ఇక్కడ ఉండనిచ్చే ఇకామా రెన్యువల్ అవదు. నాది వచ్చే నెలతో సరి. పైగా విదేశీ పనివాళ్ల మీద లెవీ పెరిగింది. మా యజమాని, అదే మా ముదీర్ సారు, ధైర్యం చెప్పారు. సౌదీ కరెంటు చట్టాన్ని పక్క గల్ఫ్ దేశాల రూల్స్‌కు సరిపడేలా మారుస్తున్నారట. ఎండ కరెంటు పెడితే మనం గ్రీన్ అయిపోతామట. మిగిలింది బార్డర్ దాటించి అమ్ముకోవచ్చట.

నీ తమ్ముడు నెహెమ్యా

తా.క.: పనికన్నా మనుషులు ఎక్కువయ్యారని ఫోర్‌మన్ జిలానీ అంటున్నాడు. మిగిలేది నేనేనేమో.

రియాద్

నెహెమ్యాకు అక్క రాసేది.

నీ ఉత్తరం చదివి, డ్యూటీలో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయాను. మిగిలినవాళ్లని బార్డర్ దాటించి అమ్మడమేమిట్రా? ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నీకు ఇంకో పని చూస్తాను.

దిగులుతో, అక్క

తా.క.: ఎండలో మనిషి నల్లబడతాడు గానీ గ్రీన్ అవడం నేను ఏ వార్డులోనూ చూడలేదు. కళ్లు పచ్చబడితే మాత్రం వెంటనే రక్తపరీక్ష చేయించుకో.

అల్ ఖర్జ్

అక్కా,

అమ్మేది కరెంటు, మమ్మల్ని కాదు. అసలు సంగతి వేరే. ముదీర్ సారు ప్యానెళ్ల ఫొటోలు పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లారు. అక్కడాయన వాటిని చాలాసేపు చూసి, "ఈ గ్రీన్ ఎండతో రాదు. మీ కంపెనీలో సౌదీలు ఎంతమంది?" అని అడిగాడట. కరెంటు అమ్మే రూల్స్ ఇంకా తేలలేదట. నా ఇకామా గడువేమో దగ్గరపడుతోంది. నాకు భయంగా ఉంది.

నెహెమ్యా

తా.క.: షెడ్లు చల్లబడి ఆవులు పాలు ఎక్కువిస్తున్నాయి. మావల్ల బాగుపడింది అవే.

రియాద్

తమ్ముడూ,

ఇక దిగులు పడకు. మా ఆసుపత్రి కప్పు మీద సోలార్ పెట్టే పని మాట్లాడుకోవడానికి ఒక సారు వచ్చారు. మర్యాదస్తుడు. నాకొచ్చిన అరబీలో నీ కష్టమంతా చెప్పాను. ఖర్జ్‌లో తలతిక్క ముదీర్ ఒకడున్నాడనీ, గ్రీన్‌కీ గ్రీన్‌కీ తేడా తెలియనివాడనీ అన్నాను. ఆయన టీ తాగడం ఆపి, నీ పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నారు. పని ఖాయమనుకో.

అక్క

తా.క.: ఆయన కూతురు ఇంజనీరింగ్ చదివి ఇంట్లో ఉందట. అంత చదివిన పిల్లను మీ కంపెనీలోనే పెట్టుకోవచ్చుగా అన్నాను.

అల్ ఖర్జ్

అక్కా,

ఆ మర్యాదస్తుడే మా ముదీర్.

అందరి ముందూ నన్ను నిలబెట్టి, "మీ అక్క నన్ను తలతిక్కవాడంది" అన్నారు. మళ్లీ ఆయనే, "దానితో పాటు పనికొచ్చే మాట కూడా ఒకటి చెప్పింది" అన్నారు.

కూతురినీ, ఆమె స్నేహితురాళ్లిద్దరినీ ఉద్యోగాల్లో పెట్టుకున్నారు. ముగ్గురు సౌదీలు చేరడంతో కంపెనీ గ్రీన్ అయింది. నా ఇకామా నిన్న చేతికొచ్చింది. కొత్త కరెంటు రూల్స్ ఆ అమ్మాయే చదివి మాకు విడమరిచి చెబుతోంది. విన్నకొద్దీ అయోమయం పెరుగుతోంది.

నీ నెహెమ్యా

తా.క.: ఆదివారం నుంచి మీ ఆసుపత్రి కప్పు మీదే నా డ్యూటీ. నన్ను చూడాలనుకుంటే మెట్లెక్కి రా. సారు కూడా అక్కడే ఉంటారు, కాస్త చూసి మాట్లాడు.