ఏడో తేదీన కొట్టిన మందు

సత్తెనపల్లి,
16-2-1986.

చిరంజీవి శివపార్వతికి అన్నయ్య దీవెనలు.

ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు క్షేమం. హాస్టల్లో నీ దగ్గు తగ్గిందో లేదో రాయలేదు. పత్తి ఏరడం అయిపోయింది. మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్నాయి. వదిన గోంగూర పచ్చడి పెట్టింది, ఎవరైనా గుంటూరు వస్తే పంపుతాను.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూడు ఊళ్ళు తిరిగి, పదకొండుమంది కూలీలను అడిగి రాయడం బాగుంది. రుజువు లేని మాటలు కొట్టేయడం ఇంకా బాగుంది. పురుగుమందు డబ్బాలోని కాయితం నాలుగు రోజులు చేలో దిగొద్దంటుంది, అమ్మ నాలుగు రోజులు ఆగే దిగింది, అయినా చనిపోయింది, కాబట్టి ఆ గడువు చాలదు అన్నావు. చదివినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. మీ లెక్చరర్ జ్ఞానప్రసూనాంబ గారు ఇదే వ్యాసానికి వెన్నెముక అని, పోటీకి పంపుదామన్నారని రాశావు. సాక్ష్యంగా నా రోజువారీ పుస్తకం చూపించావు. మందు కొట్టింది నవంబరు నాలుగు, అమ్మ దిగింది ఎనిమిది.

నువ్వు రెండు సంగతులడిగావు. కాయితం మీద తెలుగు ఉందా అని. ఉంది. అక్షరాలు చిన్నవి, కానీ చదవొచ్చు. ఎదుటిపక్షం, అంటే మందు కంపెనీవాళ్ళ వాదన కూడా రాయమన్నారు, వాళ్ళేమంటారన్నయ్యా అని. అది మూడు నెలలుగా నాకు తెలుసు.

నిజానికి మందు కొట్టింది ఏడో తేదీ. మర్నాడు పొద్దున మబ్బు పట్టింది. వాన పడితే విచ్చిన పత్తంతా పాడవుతుందని కూలీలను పిలిచాను. అమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"వాసన గుప్పున కొడతందిరా చెంచయ్యా, ఇయ్యాల వద్దులే."

"ఆరిపోయిందిలేమ్మా, ఏం కాదు" అన్నాను.

కూలికొచ్చిన లాల్‌బీ నవ్వింది. "పద పెద్దమ్మా! కాయితాలు చదివే కొడుకాయె, ఆయన ఆరిందంటే ఆరినట్టే. నీ ముక్కు ఏ బళ్ళో చదివిందంట?"

అమ్మ కూడా నవ్వి, కొంగు బిగించి దిగింది. లాల్‌బీకి రెండు రోజులు వాంతులై తగ్గాయి. అమ్మకు తగ్గలేదు.

కాయితం నేను అప్పటికే చదివాను. ఊళ్ళో అందరికీ చదివి చెప్పిందీ నేనే.

ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగితే మందు కొట్టి నాలుగు రోజులైందన్నాను. ఇంటికొచ్చి మందు కొట్టిన సంగతి పుస్తకంలో నాలుగో తేదీ కింద చేర్చి, ఏడో తేదీ పేజీ చించేశాను. పారేయలేదు. ఈ ఉత్తరంతో పెడుతున్నాను. అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు.

పోటీకి గడువు ఇరవై ఎనిమిది అన్నావు. తిరగరాయడానికి రోజులున్నాయి. శివరాత్రికి వస్తే రా, రాకపోయినా ఏమీ అనుకోను. కాయితం చదివినవాడే మబ్బు చూసి తల్లిని చేలోకి దింపాడని రాయి. ఎదుటిపక్షంవాళ్ళు అనేది అదే. దానికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు, నీకు తోస్తే రాయి. నా పేరు మాత్రం దాచొద్దు.

ఇట్లు,
నీ అన్నయ్య
చెంచయ్య